ఓట్స్‌కి ఒక్క అర్థం

పొద్దున్నే టీ తాగి, భర్త మంచం పక్కనే బల్ల వేసుకుని మాటల పనిలో పడుతుంది నిఘంటువమ్మ. ఆమె ఏ మాటకి అర్థాలు రాస్తే ఆ అర్థాలన్నీ ఇంట్లోకి వచ్చి కూర్చుంటాయి. ఉరుము గురించి రాసిన వారం ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

ఈసారి ఓట్స్‌ని పిలిచే పాత మాట వంతు. పుట్టినప్పుడు దానికి కలుపు మొక్క అని అర్థం, గోధుమ చేలోకి పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చేదట. అది రాయగానే మంచం కింద పచ్చగా మొలిచింది. రెండో అర్థం గుర్రపు దాణా. తలుపు తోసుకుని గుర్రం వచ్చింది, దాని ముందు బకెట్టు నిండా గింజలు. మూడోది మనుషులు తాగే జావ. గిన్నెలో పొగలు కక్కింది.

"గుర్రాన్ని మెట్లెక్కించేటప్పుడు కాస్త చూసుకోండమ్మా, గోడంతా గీసుకుపోయింది," అంది కిందింటావిడ.

భర్త ఒకప్పుడు గుర్రబ్బండి తోలినవాడు. పక్షవాతం వచ్చాక ఏం పెట్టినా నోటి పక్కనుంచి కారిపోయేది. డాక్టరు పెదవి విరిచేశాడు. అలాంటివాడు గుర్రం నములుతుంటే చూస్తూ, జావ మింగడం మొదలుపెట్టాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది.

అంతలో నిఘంటువు సంపాదకుడు వచ్చాడు.

"ఒక్క అర్థం ఉంచి మిగతావి కొట్టేయండి. సాయంత్రం అచ్చుకి పోవాలి."

"మూడూ బతికే ఉన్నాయండీ."

"చోటు లేదమ్మా. మీరు కొట్టకపోతే మాటనే తీసేస్తాను."

జావ ఉంచితే గుర్రం పోతుంది, గుర్రం లేకపోతే ఆయన మింగడు. గుర్రాన్ని ఉంచితే జావ పోతుంది, ఇంకేది పెట్టినా ఆయనకి దిగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏం చెయ్యమంటారండీ, చెప్పండి!" అని భర్త చెయ్యి పట్టుకుని భోరుమంది. ఆయన గుర్రం వంకే చూస్తున్నాడు.

ఆకలితో పోయినా ఒంటరిగా పోడు, అనుకుంది. కలుపు కొట్టేసింది. కళ్ళు మూసుకుని జావ కొట్టేసింది. గిన్నె ఖాళీ అయింది. దానివైపు చూసే ధైర్యం లేక గోడవైపు తిరిగి కూర్చుంది.

మంచం కిర్రుమంది. తిరిగి చూసింది. ఆయన పక్కకి ఒరిగి బకెట్లో చెయ్యి పెట్టాడు. గుప్పెడు గింజలు తీసి గుర్రం మూతికి అందించాడు. అరచేతికి అంటుకున్న నాలుగూ తన నోట్లో వేసుకుని, దానితో పాటే నమిలాడు.

మింగాడు.