అరువు సీసా

కంపెనీ గేటు పక్కన, రేకుల షెడ్డు కింద ఆడవాళ్ళ వరుస కదలడం లేదు. గేటు దాటితే కూలి, దాటకపోతే కూలిపోవడం. నడుమ ఈ మూత్రపరీక్ష. పోయినసారి చక్కెర రోగమున్నవాళ్ళను వెనక్కి పంపారు. అందుకే ఈదమ్మ కొంగు కింద దాచిన సీసాలో ఉన్నది ఆమె మూత్రం కాదు, కూతురు మమతది. ఒంట్లోనే తప్ప ఇంట్లో తీపిలేని మనిషి ఇంకేం చేస్తుంది?

"నా ఉచ్చకు నౌకరి దొరికిందే అమ్మా, నాకే దొరుకలే!" అని పొద్దున సీసా ఇస్తూ పకపకా నవ్వింది, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆ పిల్ల.

పరీక్ష చేసే కరుణ సీసాలో పట్టీ ముంచి తీసింది. పసుపు గడి ఒకటి ఆకుపచ్చకు తిరిగింది.

"చక్కెర లేదమ్మా."

ఈదమ్మకు ప్రాణం లేచొచ్చింది. రోజుకు నాలుగువందల యాభై!

"గాని ప్రోటీన్ మస్తు పోతాంది. కిడ్నీలు ఖరాబైతే గిట్ల పోతది. ఉచ్చల నురగ వస్తాందా? పొద్దుగాల మొఖం ఉబ్బుతాందా?" పీక్కుపోయిన ఈదమ్మ చెంపలకేసి అనుమానంగా చూసింది కరుణ.

ఈదమ్మకు కూతురి ముఖం కళ్ళముందు మెదిలింది. ఈమధ్య మమత బుగ్గలు నిండాయి. వాడకట్టులో అందరూ "బిడ్డ ఒళ్ళు చేసిందే" అంటుంటే, తన చేతివంట చలవేనని మురిసిపోయింది. వాపును చూసి కడుపు నిండిందనుకున్న తల్లి!

సూపర్‌వైజర్ గోపాల్ విసుక్కున్నాడు. "చక్కెర లేదు గదా, పాస్ రాయి. మనుషులు తక్కువున్నరు. ఏ ఈదమ్మా, కార్డు పట్టు, లోపలికి నడువు."

"సార్... గవి నా నీళ్ళు గావు. నా బిడ్డయి."

వరుసలో గుసగుసలు లేచాయి. గోపాల్ గొంతు తగ్గించాడు. "ఊకో! నేను విననే లేదు. కార్డు తీస్కో. ఇప్పుడు పోకుంటే మళ్ళ రాకు."

"నాకొద్దు సార్ నీ కార్డు." ఈదమ్మ కరుణ చెయ్యి పట్టుకుంది. "యాడికి తీస్కపోవాలె బిడ్డా, జర చెప్పు."

"సర్కారు దవాఖానకు. మళ్ళొకసారి ఉచ్చ, రక్తం పరీక్ష చేయించు. ఇయ్యాల్నే పో అమ్మా."

ఎండలోకి వచ్చేసరికి ఫోను మోగింది.

"ఏమాయెనే అమ్మా? నా మాల్‌తోని పాసైనవా? సగం జీతం నాదే, చెప్తున్న!"

ఈదమ్మ ఫోను చెవికి అదుముకుని ఇంటివైపు గబగబా నడిచింది. అటు మమత ఇంకా నవ్వుతూనే ఉంది.