వీపుకి తగిలిన అతుకు

అతుకుల బొంత అనే మాటని తిట్టులా వాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో ఒక్కరికైనా అతుకు వేయడం వచ్చా? నాకు వచ్చు. పటమటలో జ్ఞానేశ్వరి గారి బొంతల షాపులో పదకొండేళ్ళుగా నా పని అదే. బొంత లోపల పరిచే దూది షీటు కత్తిరించాక జానెడు, మూరెడు ముక్కలు మిగిలిపోతాయి. వాటి అంచులు తిన్నగా కోసి, ఒకదాని పక్కన ఒకటి ఆనించి, వదులుగా అడ్డదిడ్డం కుట్టు వేసుకుంటూ పోతే మళ్ళీ నిండు షీటు తయారవుతుంది. ఒక ముక్కని ఇంకోదాని మీదికి ఎక్కించకూడదు. దారం బిగించి లాగకూడదు. ఏది చేసినా అక్కడ గట్టు లేస్తుంది.

మా అమ్మ భద్రమ్మ ఉయ్యూరులో ఇంటింటికీ బొంతలు కుట్టిపెట్టేది. అతుకు కుదిరిందో లేదో ఆమె చేత్తో తడిమి చూసేది కాదు. బొంత నేల మీద పరిచి, కళ్ళు మూసుకుని, దాని మీద వెల్లకిలా పడుకునేది. "వీపుకి తెలిసినంత చేతికి తెలీదే శాంభవీ" అనేది. నేనూ ఏ బొంత కుట్టినా దాని మీద పడుకుని చూశాకే కవర్లో పెట్టేదాన్ని.

పదిహేను రోజుల క్రితం వరకూ అంతే. ఆ రోజు మధ్యాహ్నం షాపులో నలుగురైదుగురు ఆడవాళ్ళు దుప్పట్లు బేరమాడుతున్నారు. నేను వెనక గదిలో ఒక బొంత మీద పడుకుని ఉన్నాను. జ్ఞానేశ్వరి గారు కర్టెన్ తీసి చూసింది.

"ఛీ, లే! కస్టమర్ల సరుకు మీద దొర్లుతున్నావేంటి? చూసినవాళ్ళు మళ్ళీ మన గడప తొక్కుతారా?"

"అతుకులు చూస్తున్నానండీ."

"లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు? ఇంకోసారి పడుకున్నావంటే ఊరుకోను."

వచ్చినవాళ్ళలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. నలభై ఏడేళ్ళదాన్ని, పమిట సర్దుకుంటూ లేచి నిలబడ్డాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

మొన్న సోమవారం షాపు తీసిన పావుగంటకే హెలెన్ గారు వచ్చారు. గుణదలలో ఉంటారు, స్కూలు టీచరు. వాళ్ళమ్మ తెరేసమ్మ గారు తుంటి విరిగి మూడు నెలలుగా మంచం మీదే ఉన్నారట. ఆమె కిందికని ఈమధ్యే మా దగ్గర మందపాటి బొంత కుట్టించుకుని వెళ్ళారు. ఆ బొంతనే ఇప్పుడు తెచ్చి కౌంటర్ మీద పడేశారు. తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించారు. ముసలావిడ వీపు. రెక్కల ఎముకల కింద అడ్డంగా ఎర్రటి చార.

"మీ బొంత మూలంగానే అండీ ఇది. లోపల ఏదో గట్టిగా ఒత్తుకుంటోంది. డాక్టర్ గారు ఇంకో నాలుగు రోజులు ఆగితే పుండయ్యేదన్నారు. ఒకే షీటు వేశామని చెప్పారు కదా?"

జ్ఞానేశ్వరి గారు ఫోటో వంక సరిగ్గా చూడనైనా చూడలేదు. "నేను ఒకే షీటు వెయ్యమనే చెప్పానండీ. ఈ శాంభవే ముక్కలు అతికినట్టుంది. నాకు తెలీకుండా చేసేసింది" అంది.

ముక్కల సంచీ నా ఒళ్ళోకి విసిరి, "దీంతోనే కానిచ్చెయ్, కొత్త షీటు రోలు ముట్టుకోకు" అన్నది ఈ మనిషే. పదకొండేళ్ళు నా చేతి పని అమ్ముకుంటూ, తన మీదికొచ్చేసరికి నన్ను దొంగని చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

"ముక్కలు వెయ్యమన్నది మీరు కాదా?" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ. "హెలెన్ గారూ, ఇందులో ఉన్నవి ముక్కలే. ఒప్పుకుంటున్నాను. కానీ నేను అతికితే నిండు షీటుకీ దానికీ తేడా తెలీదు. గట్టు లేవడమన్న మాటే ఉండదు. కావాలంటే చూడండి!"

బొంత లాక్కుని షాపు మధ్యలో పరిచాను. అందరూ చూస్తుండగానే వెల్లకిలా పడుకున్నాను. "ఇక్కడుందా? ఇక్కడుందా?" అంటూ కొంచెం కొంచెం కిందికి జరిగాను. జ్ఞానేశ్వరి గారు పళ్ళు కొరుకుతోంది. ఆమె మొహం చూస్తుంటే నాకు ఇంకా ఉక్రోషం వచ్చింది. ఇంకాస్త జరిగాను.

తగిలింది.

వెన్నుకి అడ్డంగా, గట్టిగా, రెండు వేళ్ళ వెడల్పున. అక్కణ్ణించి కదల్లేకపోయాను. ఈ గట్టు లేచిన రోజు ఏదో నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

నన్ను లే అన్న రోజే. నా కింద అప్పుడున్నది ఈ బొంతే. ఒక అతుకు దగ్గర ముక్కల మధ్య కొంచెం ఎడం ఉందని వీపుకి అప్పటికే తెలిసింది. విప్పి, మధ్యలో సన్నటి ముక్క ఆనించి మళ్ళీ కుట్టాలి. కానీ ఆ నవ్వు విన్నాక విప్పబుద్ధి కాలేదు. లోపల ఎవరు చూడొచ్చారంట, సరే, ఎవరూ చూడరు కదా, అనుకున్నాను. ఎడం మీదికి ఇంకో ముక్క ఎక్కించి మిషన్ కింద పెట్టి ఈ చివర్నించి ఆ చివరికి టకటకా తొక్కేశాను. పడుకుని చూడకుండానే కవర్లో పెట్టేశాను. పైగా ఆమె మీద కసి తీర్చుకున్నాననుకుని, ఆ పూట తృప్తిగా ఇంటికి వెళ్ళాను. ఆమెకేమైంది? ఏమీ కాలేదు. నేను మొహమైనా చూడని ఒక ముసలావిడ వీపుకి అయింది.

లేచి కూర్చున్నాను. "ఉంది" అన్నాను.

"చూశారా? నేను చెప్పలేదూ!" అంది జ్ఞానేశ్వరి గారు. ఎంత సంబరమో ఆ గొంతులో!

"మీరు ఆగండి. ముక్కలు వెయ్యమన్నది మీరు. ఒకే షీటని అబద్ధం చెప్పింది మీరు. అది మీరు మొయ్యండి. ఈ గట్టు మాత్రం నాది. నా కోపం అంతా తీసుకెళ్ళి ఇందులో పెట్టి కుట్టాను."

హెలెన్ గారు ఫోన్ బ్యాగులో పెట్టుకుని మొహం తిప్పుకున్నారు. తిట్టినా బాగుండేది. అక్కడే అంచు విప్పి, ఆ గట్టు కోసేసి, కొత్త రోలులోంచి ఒక ముక్క కత్తిరించి ఆనించాను. వద్దని జ్ఞానేశ్వరి గారు నోరు తెరిచింది. నా చేతిలో కత్తెర చూసి మూసుకుంది. చేత్తో వదులుగా, అమ్మ కుట్టినట్టు కుట్టాను. అంచు మూసి, అందరి ముందూ మళ్ళీ పడుకున్నాను. ఈసారి ఏమీ తగల్లేదు.

"ఇకనుంచి ఇక్కడ కుట్టే ప్రతి బొంత మీదా పడుకుని చూస్తాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, వెళ్ళిపోతాను" అన్నాను. జ్ఞానేశ్వరి గారు ఫోన్‌లోకి తల దించుకుంది.

బొంత నేనే వేస్తానని హెలెన్ గారితో ఆటో ఎక్కాను. గుణదల కొండ కింద సందులో ఇల్లు. ఇద్దరం తెరేసమ్మ గారిని మెల్లగా పక్కకి తిప్పాం. ఆ చార ఫోటోలో కంటే ఎర్రగా ఉంది. నా రెండు వేళ్ళూ దాని పక్కన పెట్టి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

బొంత పరిచి పడుకోబెట్టాం. ఆమె కాస్త కదిలి చూసుకుంది. "ఎవరే ఈవిడ?" అని అడిగింది.

"షాపు నుంచి వచ్చారమ్మా" అన్నారు హెలెన్ గారు, నా వైపు చూడకుండా.

"అమ్మా, ఒక మాట" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆ కుట్టినామెని మీరేమీ అనొద్దు. మా అమ్మాయి మొన్నట్నించీ ఒకటే కోప్పడుతోంది. పాపం, పెద్దదై ఉంటుంది. చూపు ఆనడం లేదేమో. నాకూ చివర్లో సూదిలోకి దారం ఎక్కేది కాదు."

నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"కుట్టింది నేనేనండీ" అన్నాను. "నాకు చూపు బాగానే ఉంది."