గోడలో ఊయల కడ్డీలు

మా అత్తగారు దోన్యా ఎమెతెరియా న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ ఆవిడ కన్ను మూయలేదు. జ్వరం వల్ల కాదు, మంచం వల్ల. డెబ్బయ్యొక్క ఏళ్లలో ఆవిడ మంచమెక్కడం ఇదే మొదలు. పుట్టింది నూలు ఊయలలో, ముగ్గురు పిల్లల్ని కన్నది ఊయలలో, ఈ తాపీవాడికి నా కూతుర్నివ్వనని తెగేసి చెప్పింది కూడా ఊయలలో పడుకునే. మెక్సికోలో మా యుకతాన్ వైపు ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే భోజనం సంగతి తర్వాత, ముందు ఊయల తెచ్చుకున్నావా అని అడుగుతారు. కడ్డీలు వాళ్ల గోడకి ఎలాగూ ఉంటాయి.

"ఇది మంచమా, శవాన్ని కడిగే బల్లా?" అని ఆవిడ మొదటి రోజే అడిగింది. రెండో రోజు కింద పడబోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆవిడ నెల్సిని పిలిచి, తన పల్లెకి పోతాను మూట కట్టమంది.

డాక్టర్ ఉగార్తే పరుగెత్తుకొచ్చాడు. ఉత్తరాది కుర్రాడు, మా ఊరొచ్చి ఆరు నెలలైంది. మంచివాడే గానీ మంచం మీద పుట్టినవాడు.

"అమ్మా, ఇంకో అయిదు రోజులు నరంలోకి మందెక్కాలి. ఇప్పుడెళ్లారంటే ఆదివారం దాకా ఉండరు."

"ఇక్కడుంటే శనివారం దాకా కూడా ఉండను బాబూ. నిద్రలేక చస్తాను. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు."

"మీ ఊళ్లో సూది వేసేవాళ్లున్నారా?"

"సూది లేదు. నిద్రుంది."

డాక్టరు కాగితం తేవడానికి వెళ్లాడు. నెల్సి వసారాలోకి వచ్చి నా చొక్కా పట్టుకుంది. "ఏదో ఒకటి చెయ్యవయ్యా. అమ్మ దారిలోనే పోతుంది. ఊరికే అలా నిలబడతావేం?"

ఊరికే నిలబడలేదు. గోడ వంక చూస్తున్నాను. ఆ గోడలో ఏముందో ఆ ఆసుపత్రి మొత్తంలో నాకొక్కడికే తెలుసు.

ఇప్పుడు నేనక్కడ రిపేర్లు చేసేవాణ్ణి గానీ, అంతకుముందు ఆ భవనం కట్టిన తాపీమేస్త్రీల్లో ఒకణ్ణి. రోగుల గది గోడలు లేపుతున్నప్పుడు అలవాటుకొద్దీ ప్రతి మంచానికీ ఎదురెదురు గోడల్లో రెండు గూళ్లు వదిలి, ఒక్కో గూటిలో అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాను. ప్లానులో లేవు. ప్లానులో తలుపుకి లోపలొక వైపు, బయటొక వైపు ఉంటాయని కూడా రాసి లేదు కదా, ఇదీ అంతేననుకున్నాను. రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు చూసి మండిపడ్డాడు. "ఇదేమన్నా సముద్రం ఒడ్డు హోటలనుకున్నావా? మొత్తం పీకెయ్!" అన్నాడు. పీకితే గోడ దెబ్బతింటుంది. గూళ్లలో సిమెంటు సంచుల కాగితం కుక్కి, పైన పలచగా గచ్చు పూసి, తెల్ల రంగు కొట్టేశాను. ఇంజనీరు గోడ నిమిరి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత నాకిక్కడ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. అందుకే పదకొండు నెలలుగా నోరు మూసుకున్నాను.

నెల్సిని అన్నాను, "ఇంటికెళ్లి అమ్మ ఊయల పట్రా. పెద్దది, పసుపుది."

"ఎక్కడ కడతావ్, నా నెత్తికా?"

"ముందు తీసుకురా, తర్వాత తిడుదువుగాని."

మా ఇల్లు రెండు వీధుల అవతలే, పల్లె నుంచి వచ్చేటప్పుడు అత్తగారు తెచ్చుకున్న ఊయల అక్కడే ఉంది. ఆమె వచ్చేలోపు అత్తగారినీ, పక్క మంచం మీది పెద్దాయన దోన్ నసారియోనీ చక్రాల కుర్చీల్లో ఆక్సిజన్ సిలిండర్లతో సహా వసారాలోకి తోశాను, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా. గోడని వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్లాను. నా గడ్డం ఎత్తులో డొల్ల శబ్దం వచ్చింది. తడిగుడ్డ అడ్డం పెట్టి సుత్తితో ఒక్కటి వేశాను. గచ్చు పెచ్చు ఊడి, కాగితం వెనకాల కడ్డీ కనిపించింది. ఉద్యోగం పోతుందని భయం ఒకటి, ముసలావిడ పోతుందని భయం ఇంకొకటి. రెండోది పెద్దదని అప్పుడే నాకు తెలిసింది. ఇరవై ఏళ్లుగా నన్ను సాధించిన మనిషి కోసం అంత భయపడతానని అనుకోలేదు.

ఎదుటి గోడలో రెండో కడ్డీ కూడా బయటపెట్టి, మంచం జరిపి, నేల తుడిచి, ఊయల కట్టి, ఇద్దర్నీ లోపలికి తెచ్చేసరికి డాక్టరు కాగితంతో వచ్చాడు. అత్తగారు అప్పటికే ఎక్కేసింది. మా వాళ్లు పడుకునే తీరులో, పొడవునా కాకుండా ఏటవాలుగా, తల కాస్త పైకి ఉండేలా సర్దుకుంది. మందు గొట్టం స్టాండు పక్కనే నిలబెట్టాను.

"గోడ పగలగొట్టావా?" డాక్టరు గొంతు కీచుగా వచ్చింది. "ఎవర్నడిగి? మంచం ఖాళీగా ఉంటే నేను రికార్డులో ఏం రాయను?"

"ముసల్ది పడుకుందని రాయి," అంది అత్తగారు కళ్లు తెరవకుండానే. "అల్లుడూ, ఆ కుర్రాణ్ణి మెల్లగా మాట్లాడమను."

ఇంకో మాట అనబోయి ఆయన ఆగాడు. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక మొదలైంది. డాక్టరు వంగి ఆవిడ వేలికున్న ఆక్సిజన్ మీటరు చూశాడు. గొట్టం లాగి చూశాడు, ఊయలని అరచేత్తో కదిపి చూశాడు. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇంకెన్నున్నాయి ఇలాంటివి?" అని గుసగుసగా అడిగాడు.

"ఇరవై నాలుగు మంచాలకీ ఉన్నాయి డాక్టరుగారూ."

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. "ఆవిడ లేచేదాకా మాత్రం సుత్తి ముట్టుకోకు," అని వెళ్లిపోయాడు. అత్తగారు లేచింది మర్నాడు పొద్దెక్కాక. లేస్తూనే సూప్ అడిగింది, ఉప్పు తక్కువైందని నెల్సిని తిట్టింది. నెల్సి ఆ తిట్లు వింటూ ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోలేదు.

దోన్ నసారియో మంచం మీది నుంచే ఇదంతా చూస్తున్నాడు. వచ్చి తొమ్మిది రోజులైనా ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి. నన్ను చేత్తో పిలిచాడు.

"ఒరే విల్బెర్త్, నా గోడలోనూ ఉన్నాయా?"

"ఉన్నాయి పెద్దాయనా."

"ఎప్పట్నుంచి?"

నా తల వంగిపోయింది. "మొదట్నుంచీ."

ఆయన నా ముఖం వంక చూశాడు. ఆ కళ్ల కింద తొమ్మిది రాత్రుల నిద్ర బాకీ ఉంది.

"మరి ఏడుస్తూ నిలబడ్డావేంరా," అన్నాడు, "కొట్టు."