కడిగిన ఆకు

ఓబలప్ప బావ ముఖం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను చేసింది విన్నాక మీకు నా మీద మండినా సరే, ఈ మాట మాత్రం మార్చుకోను.

ఆయన మా ఆయనకు పెదనాన్న కొడుకు. కామసముద్రం దగ్గర మా ఊళ్లో ఆయన టమాట తోట, మా అరెకరం మల్బరీ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. టమాటకు ఆయన వారానికి రెండుసార్లు మందు కొడతాడు. గాలి ఇటు వీచిందంటే ఆ మందు మా ఆకు మీద పడుతుంది, ఆకు తిన్న పట్టుపురుగు చస్తుంది. ఆ ఏడాది రెండు పంటలు అలాగే పోయాయి. మా ఆయన వసంత్‌ది నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు పని. రెండో పంట పోయిన రోజు కంపెనీ బస్సు దిగి వచ్చి, "ఈ తూరి కూడా పోతే మల్బరీ పీకేసి ఓబలప్పన్నకే గుత్తకిచ్చేస్తా. టమాట పెట్టుకోనీ" అన్నాడు. నా తోటలో ఆయన టమాటా! ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు.

ఊరి పెద్ద అంజినప్ప దగ్గర పంచాయితీ పెట్టించాను. గట్టు పక్క నాలుగు సాళ్లకు మందు కొట్టకూడదని తీర్పు చెప్పారు. నాకది చాలలేదు. "మందు కలిపే డ్రమ్ము కూడా గట్టు దగ్గర నా కంటికి కనపడకూడదు" అన్నాను. బావ సరేనని తలూపాడు. ఆయన తలూపితే నమ్మేంత పిచ్చిదాన్నా నేను?

అందుకే మూడో పంటకు సొంత తెలివి వాడాను. పురుగులు నాలుగో జ్వరం లేచాయి, అంటే నాలుగోసారి చర్మం విడిచి, రాత్రీ పగలూ ఆకు తినే దశకు వచ్చాయి. ఇంకో వారంలో గూళ్లు కడతాయి. కోసిన ప్రతి కొమ్మనూ కుంటలో ముంచి, జాడించి, నీడన ఆరబెట్టి మేపడం మొదలుపెట్టాను.

వాననీళ్ల కోసం రెండు కుటుంబాలూ కలిసి తవ్వించుకున్న కుంట అది. మా అత్త లక్ష్మీదేవమ్మ రోజూ పొద్దున చెంబుతో నీళ్లు ముంచి వెలుగులో చూసేది. ఆవగింజంత పురుగులు అందులో ఎగిరెగిరి పడుతుంటే ఆమెకు తృప్తి, నాకు అసహ్యం. ఆ మొదటి రోజు మాత్రం చెంబు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

"ఒక పురుగూ లేదే పుష్పా. నీళ్ల మింద పరుగెత్తే పొడుగుకాళ్లవి కూడా లేవు. ఈ నీళ్లు మనకొద్దు."

"పురుగుల్లేకుంటే మంచిదే కదత్తా. శుభ్రంగా ఉండాయి."

"పురుగు బతకని నీళ్లల్లో మన పురుగు బతుకుతాదా?"

"మనది నీళ్లల్లో ఉండేదా ఏంది? ఆకు మింద ఉండేది. నువ్వు ఊరికే ఉండత్తా."

కుంట అంచున చచ్చిన పురుగులు నల్లగా చారకట్టి ఉన్నాయి. గాలికి కొట్టుకొచ్చిన చెత్త అనుకుని, చేత్తో పక్కకు నెట్టి కొమ్మలు ముంచాను.

మూడో రోజుకు మా పట్టుపురుగులు తలలు అటూ ఇటూ ఊపసాగాయి. పచ్చటి రసం కక్కాయి. సాయంత్రానికి పొట్టిగా ముడుచుకుపోయాయి. చేటలకొద్దీ ఎత్తి గుంతలో పోస్తూ ఏడ్చాను, ఏడుస్తూనే ఓబలప్ప ఇంటికి నడిచాను.

"నీ నోట్లో మన్ను పడ! మాట ఇచ్చి మందు కొట్టినావు కదా!" ఆయన్ను 'నువ్వు' అనడం అదే మొదలు.

సంగటి తింటున్న మనిషి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, నన్ను తోటకు తీసుకెళ్లాడు. గట్టు పక్క నాలుగు సాళ్లలో ప్రతి కాయకూ పురుగు తొలిచిన బొక్కే.

"చుక్క మందు పడనీలే. ఒక్క కాయన్నా బాగుండాదా చూడు."

లేదు. కుంట అంచున చూసిన నల్ల చార గుర్తొచ్చింది. "డ్రమ్ము యాడ కడుగుతుండావు?" అన్నాను.

"కుంట కాడ. గట్టు దగ్గర కనపడకూడదని నువ్వే కదమ్మా చెప్పినావు? ఆ నీళ్లు టమాటకు కట్టుకుంటే ఏమీ కాలే. నువ్వు ఆకు కడుగుతావని నాకేం తెలుసు? మల్బరీ ఆకు ఎవరన్నా కడుగుతారా?"

ఇంటికొచ్చేసరికి అత్త మూలనున్న ఒక తట్ట దగ్గర కూర్చుని ఉంది. అందులో పురుగులు నున్నగా, బలంగా ఆకు తింటున్నాయి.

"దీన్ని నేను మేపినా. గట్టు పక్క ఆకే. కడగలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దీన్నీ కడిగిన ఆకుతోనే మేపుంటావు."

చీకటి పడకముందే వసంత్ వచ్చాడు. ఖాళీ తట్టలు చూసి, "మళ్లా ఓబలప్పన్నేనా?" అన్నాడు. అత్త నా వైపు చూసింది. అవునంటే చాలు. మాట తప్పిన మనిషికి వసంత్ చస్తే గుత్తకివ్వడు, నా మల్బరీ నాకుంటుంది.

"అవును" అన్నాను. సిగ్గు వేసింది. అయినా అన్నాను.

వసంత్ అంజినప్పను వెంటబెట్టుకుని వెళ్లి, పదిమందిలో బావను మాట తప్పినవాడని నానా మాటలూ అన్నాడు. బావ ఎదురు చెప్పలేదట. నాకది గెలుపులాగే అనిపించింది.

మర్నాడు పొద్దున గట్టు అవతల మందు మిషన్ మోత వినిపించి పరుగెత్తాను. ఆషాఢపు గాలి బలంగా మా వైపే వీస్తోంది. బావ ఆ నాలుగు సాళ్లకే మందు కొడుతున్నాడు. తెల్లటి తుంపర మా తోట ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుంటోంది.

"ఏంది బావా ఇది? ఆపు!"

"మాట తప్పినోణ్ని కదమ్మా" అన్నాడు, మిషన్ ఆపకుండానే. "తప్పినోడు ఇట్లే కొడతాడు."

కొడవలి పట్టుకుని తోటంతా తిరిగాను. మందు తగలని కొమ్మ ఒక్కటీ లేదు. కడుగుదామంటే ఊళ్లో కొళాయి ఎండి రెండు వారాలయింది, ఉన్నది ఆ కుంట నీళ్లే. ఉత్త చేతులతో ఇంట్లోకి వచ్చాను. తట్టలో పురుగులు పొద్దుటి ఆకును ఈనెలు మాత్రం మిగిల్చి తినేసి, ఇంకా కావాలని అంచుల మీదికి పాకుతున్నాయి.