రెండు నిమిషాల కూత

సైరన్ మోగించే రోజుకు ముందు నాలుగు రోజులూ కూతల మేస్త్రి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఫైర్ స్టేషన్ మేడ ఎక్కడం, సైరన్ మోటారుకు నూనె వేయడం, దిగడం, వేశానో లేదోనని మళ్లీ ఎక్కడం. నూనె కారి గదంతా జిడ్డయింది. ఇరవై రెండేళ్లుగా ఆ సైరన్ బాధ్యత అతనిదే. వీధిలో ఆ పేరు వచ్చింది కూడా అందుకే. ఏడాదికోసారి, యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే రోజున, పొద్దున సరిగ్గా పదకొండింటికి మీట కిందికి లాగాలి. సైరన్ రెండు నిమిషాలు కూస్తుంది. ఊళ్లో ఎక్కడివాళ్లక్కడ లేచి మౌనం పాటిస్తారు. మౌనం పాటించడానికి చెవులు చిల్లులు పడే కూత ఎందుకో, ఇన్నేళ్లలో ఒక్క మహానుభావుడూ అడిగిన పాపాన పోలేదు.

పైగా అది అప్పటి సైరనే. శత్రువుల విమానాలు వస్తున్నాయని జనాన్ని హెచ్చరించినదాన్నే తెచ్చి, ఎర్రరంగు పులిమి మేడమీద కూర్చోబెట్టారు. అది మోగినప్పుడు ఊరంతా నేలమాళిగల్లోకి పరిగెత్తితే, ఎదురు పరిగెత్తి ఫిరంగి దగ్గర నిలబడ్డవాళ్లు ఆరుగురు. అందులో ఐదుగురు ఒక్క రోజునే పోయారు. మిగిలిన ఆరోవాడు మేస్త్రికి పిల్లనిచ్చిన మామ. ఊరికి ఫిరంగి తాత.

మేస్త్రికి పెళ్లయిన మొదటి ఏడు ఆ రోజున సైరన్ ఆపి ఇంటికొచ్చేసరికి తాత భోజనాల బల్ల కింద ఉన్నాడు. మోకాళ్లు గుండెకు ఆనించి, పంట్లాం తడిసిపోయి, “తలలు దించండ్రా, దించండి!” అని అరుస్తున్నాడు. అరగంట తర్వాత లేచి, బట్టలు మార్చుకుని, ఏమీ జరగనట్టు టీ అడిగాడు. మేస్త్రి గుండె చెరువైంది. మీట లాగింది తన చెయ్యే మరి.

ఆ మరుసటి ఏటి నుంచి మేస్త్రి భార్య ఆ పొద్దున తండ్రిని బస్సెక్కించి, కూత వినబడనంత దూరంలో, నది అవతల ఉన్న పిన్ని ఇంటికి తీసుకెళ్లేది. ఒక ఏడు పిన్నికి ఒంట్లో బాగాలేదనేది, ఇంకో ఏడు అక్కడి పళ్ల డాక్టరు మంచివాడట అనేది. నోట్లో రెండు పళ్లున్న మనిషికి ఏటేటా పళ్ల డాక్టరేమిటి? అయినా తాత కిక్కురుమనకుండా వెళ్లి బస్సులో కూర్చునేవాడు. పాపం, ఆయనకేమీ గుర్తుండదని వీళ్లు అనుకున్నారు.

ఈ ఏడు కొంప ముంచింది ఒక ఉత్తరం. ఊళ్లో మిగిలిన ఆఖరి సైనికుడు మీరే కనుక వేదిక మీద మొదటి కుర్చీ మీదేనని పురపాలక ఆఫీసు నేరుగా తాతకే రాసింది. వేదిక ఎక్కడ? ఫైర్ స్టేషన్ ముందున్న చౌకులో, సరిగ్గా సైరన్ కింద! తాత ఆ కాగితాన్ని వీధి వీధంతా చూపించి వచ్చాడు.

“నేను చెప్పలేనండీ,” అంది భార్య, ఉతికిన చొక్కానే మళ్లీ నీళ్లలో ముంచుతూ. “‘నాన్నా, సైరన్ మోగితే నువ్వు బల్ల కింద దూరతావు’ అని కన్నకూతుర్ని, నేనెలా చెప్పను? మళ్లీ తలెత్తుకుంటాడా ఆ మనిషి? ఇక ఊరందరి ముందూ అలా జరిగితే…”

“అయితే నన్నేం చెయ్యమంటావు?”

“మీట మీ చేతిలోనే ఉందిగా.”

“దాంతోపాటు నా ఉద్యోగం కూడా ఉందే తల్లీ!”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఉండబట్టలేక ఫైర్ స్టేషన్ పెద్ద సారు దగ్గరికి వెళ్లాడు. మేస్త్రి నీళ్లు నమిలి నమిలి, ఈ ఒక్క ఏడు సైరన్ వద్దు సార్, గంట కొడదాం అన్నాడు. అసలు కారణం మాత్రం నోరు దాటలేదు. మామ పరువును ఆఫీసు బల్లమీద ఎలా పెడతాడు?

“నీకేమైనా మతి పోయిందా?” అన్నాడు సారు. “అది మోగేదే మీ మామలాంటి వాళ్ల కోసమయ్యా. ఆయన్ని కూర్చోబెట్టుకుని సైరన్ ఆపేస్తే ఆయన్ని అవమానించినట్టు కాదూ? ఒక్క సెకను అటూ ఇటూ అయినా నీ ఉద్యోగం ఉండదు, చెబుతున్నా.”

ఇంటికొస్తే తాత గుమ్మంలో కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. కొత్త లేసులు ఎక్కించాడు. ఎడమ బూటుది మూరెడుకు పైగా వేలాడుతోంది.

“ఇంత పొడుగెందుకు మామయ్యా? కాలికి తగులుకుని పడతారు.”

“ఉండనీలే, పనికొస్తుంది.” తాత తల ఎత్తకుండానే అడిగాడు. “పదకొండింటికి లాగేది నువ్వేగా?”

“నేనే.”

“చెయ్యి వణకనివ్వకు అల్లుడూ. డ్యూటీ డ్యూటీయే.”

ఆ మాటతో మేస్త్రికి ముద్ద దిగలేదు. ఎవరికైనా దిగుతుందా?

ఆ రోజు రానే వచ్చింది. వేదిక మీద వరస చెదరకూడదని కుర్చీల కాళ్లను కింద పొడుగాటి చెక్కకు మేకులు కొట్టి బిగించారు. మొదటి కుర్చీలో తాత, ఛాతీ మీద పతకం. మేడమీది కిటికీలోంచి మేస్త్రికి ఆయన బట్టతల కనిపిస్తోంది. జనంలో భార్య వేదికను చూడటం లేదు. కిటికీనే చూస్తోంది.

పదకొండుకు నిమిషముంది. మేస్త్రి చెయ్యి మీట మీద పడింది. చెమటకు జారుతోంది. ఇరవై రెండేళ్లు, ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పనివాడనే పేరొక్కటే అతను సంపాదించుకున్నది. అరనిమిషం. కింద తాత చేతిగడియారం చూసుకున్నాడు. బల్ల కింద మోకాళ్లు ముడుచుకున్న ఆ మనిషి మేస్త్రి కళ్లముందు కదిలాడు. ‘నా వల్ల కాదు, పోతే పోనీ’ అనుకుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

పదకొండయింది. సైరన్ మోగలేదు.

జనం తలలెత్తి మేడ వైపు చూశారు. మేడమీద మేస్త్రి పక్కనున్న ఫోను మోగడం మొదలుపెట్టింది. అప్పుడు తాత లేచి నిలబడి నుదుటికి చెయ్యి ఆనించాడు. ఆయన్ని చూసి పెద్ద సారు లేచాడు, తర్వాత చౌకులో జనమంతా లేచారు. సైరన్ మోగితే కదా అది ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు కూర్చోవాలో తెలిసేది! తాత కూర్చోలేదు. ఆయన కూర్చోకుండా కూర్చునే ధైర్యం ఎవరికుంది? రెండు నిమిషాలయ్యాయి. నాలుగయ్యాయి. ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు, ఎవరిదో పసిబిడ్డ ఎక్కిళ్లు వినబడ్డాయి. ఏ ఏడూ ఆ చౌకులో అంత మౌనం లేదు. ఏడో నిమిషంలో తాత చెయ్యి దించి కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు.

మేస్త్రి మెట్లు దిగేసరికి పెద్ద సారు కాచుకుని ఉన్నాడు. “రేపటి నుంచి రానక్కర్లేదు,” అన్నాడు. మేస్త్రి తల ఊపి ముందుకు నడిచాడు.

జనం పలచబడ్డా తాత కుర్చీ వదల్లేదు. మొహం పాలిపోయింది.

“లేవండి మామయ్యా, ఇంటికెళ్దాం.”

“రాలేను. కిందికి చూడు.”

మేస్త్రి వంగి చూశాడు. ఎడమ బూటు పొడుగు లేసు కుర్చీ కాలికి మూడు చుట్లు చుట్టి, బిగించి ముడేసి ఉంది.

“పారిపోకుండా,” అన్నాడు తాత.

మేస్త్రి ఆ ముడిని వేలితో తడిమాడు. “మీకు… ఎప్పటి నుంచి తెలుసు?”

“పిన్నికి జబ్బని మొదటిసారి బస్సెక్కించినప్పటి నుంచే. అమ్మాయి అంత కష్టపడి అబద్ధమాడుతుంటే కాదంటానా?” తాత తలెత్తి సైరన్ వైపు చూశాడు. “మా ఐదుగురూ ఆ కూతలోనే పోయారయ్యా. ఒక్కసారన్నా వాళ్ల కోసం దాని కింద నిలబడదామనుకున్నా. ఇప్పుడు మోగుతుంది, ఇప్పుడు మోగుతుందని చూస్తూ ఏడు నిమిషాలు నిలబడ్డా. నువ్వేమో లాగవైతివి.”

“తప్పయిపోయింది మామయ్యా. ఎంత పని చేశాను!” మేస్త్రి నేల మీద కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే గోళ్లతో ముడి పీకాడు. అది ససేమిరా ఊడి రాలేదు.

“ఉద్యోగం ఉందా, ఊడిందా?”

“ఊడింది.”

తాత అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

“అయితే వచ్చే ఏడు మీట ఇంకెవడో లాగుతాడు. నువ్వు ఇక్కడ నా పక్కన కూర్చో. లేసు అక్కర్లేదు, చెయ్యి గట్టిగా పట్టుకో, చాలు.”