సంజీవరావు లైటర్

చెడ్డ సంగతులు తనకు ముందే తెలిసిపోతాయని దానమ్మ నమ్మకం. కొడుకు దేవానందం పది నిమిషాలు ఆలస్యమైతే సైకిలు లారీ కిందికి పోయిందనుకుంటుంది. వాడు రెండుసార్లు దగ్గితే క్షయ అనుకుంటుంది. జరిగినవాటికి ఏడ్చినదానికన్నా జరగనివాటికి ఏడ్చిందే ఎక్కువ. "రేపటి ఏడుపు ఇయ్యాల ఏడిస్తె తప్ప నీకు బువ్వ సయించదు దానమ్మా" అని ఆడబిడ్డ పాపమ్మ ఎగతాళి చేస్తుంది. అంతటి మనిషికి ఆ నవంబరు రెండో తారీఖు పొద్దున, గూట్లో బైబిలు వెనక చెయ్యి పెట్టి తడుముకుంటున్నప్పుడు ఏ కీడూ తోచలేదు.

ఆమె వెతుకుతున్నది పెనిమిటి సంజీవరావు లైటర్. ఇత్తడిది. మూలలు అరిగి సబ్బుబిళ్లలా నున్నబడింది. లారీ నడిపే రోజుల్లో సికింద్రాబాదులో ఒక మిలిటరీ ఆయన దగ్గర కొన్నాడు. అగ్గిపెట్టె ఉండగా ఇదేం షోకని పాపమ్మ తిట్టింది కూడా. కానీ పదిహేడేళ్లు అది ఆయన జేబు దిగలేదు. పెట్రోలు అయిపోతే నింపుకోవడం, నిప్పు రాల్చే రాయి అరిగితే కొత్త రాయి వేసుకోవడం, అంతే. బండ్లు మారాయి, సేట్లు మారారు, లైటర్ మారలేదు. లారీ దిగి ఇంటికి వచ్చినప్పుడు ఆయన తలుపు కొట్టేవాడు కాదు. వాకిట్లో నిలబడి లైటర్ మూత తెరిచి మూసేవాడు. టక్కుమనేది. నిద్రలో ఉన్న దేవానందం ఆ చప్పుడుకు లేచిపోయి గడియ తీసేవాడు.

కడుపులో గడ్డ లేచి ఆయన పోయి నాలుగేళ్లయింది. ఏటా నవంబరు రెండున వచ్చే సమాధుల పండుగకు దానమ్మ ఆయన సమాధి మీద కొవ్వొత్తులు ఆ లైటరుతోనే వెలిగిస్తుంది. పండుగ పూట సాయంత్రం పక్కింటి విశ్వనాథం స్కూటరులోంచి సీసామూతెడు పెట్రోలు అడిగి తెచ్చుకుని, లైటర్ అడుగు ఊడదీసి, లోపలి దూదికి చుక్కచుక్కగా పట్టిస్తుంది. పదిరోజులు పోతే ఆ పెట్రోలు ఆవిరైపోతుంది. మళ్లీ ఏడాదిదాకా అది ఉట్టి డబ్బా.

ఈ ఏడు మాత్రం విశ్వనాథం పొద్దున్నే స్కూటరు వేసుకుని ఊరికి పోతున్నానన్నాడు. అందుకని ముందురోజు రాత్రే, దేవానందం పాటలు నేర్చుకోవడానికి చర్చికి పోయినప్పుడు, నింపేసింది. రాయి అరిగిపోయి ఉంటే ఉప్పల్ చౌరస్తాలో పాన్‌డబ్బా దగ్గర కొన్న కొత్త రాయి వేసింది. ఒకసారి చక్రం తిప్పి చూస్తే మంట నిటారుగా లేచింది. సంతోషపడి, మూత వేసి గూట్లో పెట్టింది.

ఇప్పుడు గూట్లో లేదు.

"వదినె, లైటర్ నువ్వు దీసినవా?"

"నాకెందుకే? నేనేమన్న చుట్ట తాగుతున్ననా?" వాకిట్లో బియ్యం చెరుగుతూ అంది పాపమ్మ. "నీ కొడుకు తీస్కపోయి ఉంటడు."

"వాడు బీడీ గూడ ముట్టడు. వానికెందుకు?"

"ఓసి పిచ్చిదాన! రోజు తీస్కపోతడు. పొద్దుమీకి తెచ్చి గూట్ల వెడ్తడు. అమ్మకు జెప్పకత్తా, ఫికర్ జేస్తదన్నడు. మా తమ్ముని లెక్కనే, మూత తెర్సుడు, చక్రం తిప్పుడు, మూసుడు. పన్లె గూడ వాని చెయ్యి ఊకుండదట. నాయిన పక్కన నిలవడ్డట్టుంటదట." పాపమ్మ చేట ఒకసారి ఎగరేసింది. "ఉట్టిదే గదనే. అండ్ల ఏమున్నది?"

దానమ్మ గోడ పట్టుకుంది.

దేవానందం పని నాచారంలో ఒక రంగుల కంపెనీలో. చేరి ఆరు నెలలైంది. రంగులో కలిపే థిన్నరు పీపాలుండే గదిలో ఉంటాడు. నిప్పురవ్వ పడితే ఆ గదిలో గాలి కూడా మండుతుందని వాడే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వుకు ఆమె మూడు రోజులు నిద్రపోలేదు. బీడీలు, అగ్గిపెట్టెలు, లైటర్లు గేటు దగ్గర చెక్కపెట్టెలో వేసి పోవాలి. దాచి లోపలికి తీసుకుపోతే పని ఊడుతుంది.

"వదినె, రాత్రి నేను దాన్ని నింపిన."

"ఏందీ?"

"పెట్రోల్ నింపిన. కొత్త రాయి ఏసిన. వానికి తెల్వది."

చేట జారి బియ్యమంతా నేలపాలైంది. పాపమ్మ వాటివైపు చూడను కూడా లేదు. "ఉర్కు" అంది.

చెప్పులు వేసుకున్నదీ లేనిదీ దానమ్మకు తెలియదు. చౌరస్తాలో అబ్బయ్య రిక్షా ఎక్కి కూర్చుంది. ఎక్కడికని అడిగితే నాచారం అంది. హబ్సిగూడ దాటేసరికి దూరంగా పొగ కనిపించింది.

"అన్నా, అదేం పొగ?"

"బాయిలర్ పొగమ్మా. రోజుండేదే."

"జర జల్ది తొక్కన్నా."

"తొక్కుతనే ఉన్న. గుర్రమ్మీద కూసున్నవా ఏంది?"

ఇన్నేళ్లూ ఆమె భయపడినవాటిలో లారీలున్నాయి, పాములున్నాయి, మశూచి ఉంది, చెరువు ఉంది. తన చెయ్యి మాత్రం లేదు. తానే నింపింది. దూది బాగా పీల్చాలని ఇంకో రెండు చుక్కలు ఎక్కువ పోసింది.

కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ కనకరాజు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కంపెనీ నిలబడే ఉంది. కిటికీ అద్దాలు కూడా పగలలేదు.

"మా దేవానందాన్ని జర పిలువు తమ్మీ."

"బువ్వ గంట గొట్టినంక రా అక్కా. మధ్యల ఇడ్వరు."

"అర్జెంటు తమ్మీ."

"అందరిది అర్జెంటే. మొన్న ఒకామె గోంగూర ఏ ధరకు దేవాల్నని అడ్గనీకి వచ్చింది."

చెబితే కొడుకు పని పోతుంది. చెప్పకుంటే? దానమ్మ గేటు ఊచలు పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "వాని జేబుల లైటరుంది. పెట్రోలున్నది అండ్ల."

కనకరాజు ముఖం తెల్లబోయింది. మరో మాట అడగకుండా లోపలికి పరుగెత్తాడు. ఆ పరుగు చూసి ఆఫీసు గదిలోంచి సూపర్‌వైజరు జనార్ధనరావు బయటికి వచ్చాడు.

కాసేపటికి దేవానందం వచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా థిన్నరుతో తడిసి ఉన్నాయి. మొహం కందిపోయి ఉంది. వెనకాల నలుగురు పనివాళ్లు.

"ఏందమ్మా గిది? అందరి ముంగట నా ఇజ్జత్ దీస్తవా?"

"లైటర్... అది ఇయ్యి బిడ్డా, ఇటియ్యి..." ఆమె చెయ్యి చాపింది.

"ఉట్టి డబ్బాకు ఇంత లొల్లా!" వాడు జేబులోంచి తీశాడు. జనార్ధనరావు వైపు తిరిగాడు. "సూడున్రి సార్. మా నాయినది. రాయి లేదు, పెట్రోల్ లేదు. ఊకె..."

"వద్దు!" అంది దానమ్మ.

అప్పటికే వాడి బొటనవేలు తిరిగింది.

మంట లేచింది. రాత్రి ఆమె చేతిలో లేచినంతే నిటారుగా. ఒక్క క్షణం అందరూ దాన్ని చూస్తూ నిలబడిపోయారు, దేవానందంతో సహా. తర్వాత వాడి చొక్కా చెయ్యి వెంబడి నీలంగా ఏదో పాకింది. కనకరాజు గేటు పక్కన వేలాడుతున్న ఎర్ర బకెట్టు లాగి, ఇసుకంతా వాడి చేతి మీద గుమ్మరించాడు. లైటర్ ఎగిరి దూరంగా పడింది. ఎవరో చెప్పుతో తొక్కి ఆర్పేశారు.

చెయ్యి కాలలేదు. వెంట్రుకలు మాత్రం పోయాయి. మాడిన వాసన వచ్చింది. దేవానందం ఆ చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

"నేనే నింపిన్రా. పండుగకని రాత్రి నింపిన" అంది దానమ్మ.

"వాసన... నాకు వాసన రాలే" అన్నాడు వాడు. "ఈ థిన్నర్ల పనికొచ్చినంక నాకు ఏ వాసన తెలుస్తలేదు."

జనార్ధనరావు వెనక్కి తిరిగి థిన్నరు గది వైపు చూశాడు. ఆ గదిలో ఆ పూట పద్నాలుగు మంది ఉన్నారు.

"అమ్మా, నిన్నే అడుగుతున్నాను. నిజం చెప్పు" అన్నాడు ఆయన. "ఇవాళ ఒక్కరోజే పొరపాటున జేబులో వచ్చిందంటే జీతంలో కోత వేసి వదిలేస్తాను. కన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి చెప్పారు కాబట్టి. రోజూ తెస్తున్నాడంటే మాత్రం ఇప్పుడే పంపించేస్తాను."

ఆయన వెనక నుంచి కనకరాజు ఒక్క వేలు పైకెత్తి చూపించాడు. ఒక్కరోజే అని చెప్పమని. దేవానందం కళ్లు కూడా అదే అంటున్నాయి. ఆ పని దొరకడానికి వాడు ఎన్ని గేట్ల దగ్గర నిలబడ్డాడో ఆమెకు తెలుసు. ఇల్లంతా వాడి మీదే నడుస్తున్నదీ తెలుసు. ఒక్కరోజే అంటే రేపు వాడు మళ్లీ ఆ గదిలో ఉంటాడు. ఈ లైటర్ లాక్కుంటే ఇంకోటి తెచ్చుకుంటాడు. వాడి చెయ్యి ఊరుకోదు. వాళ్ల నాయన చెయ్యి కూడా ఊరుకునేది కాదు.

"రోజు తెస్తడు సార్" అంది దానమ్మ.

"అమ్మా!"

"రోజు తెస్తడు."

తిరుగుదారిలో వాడు సైకిలు తోసుకుంటూ ముందు నడిచాడు. వెనకాల, సొట్టపడ్డ లైటర్ చెంగులో ముడివేసుకుని దానమ్మ. ఒక ఫర్లాంగు పోయాక వాడు తిరగకుండానే అన్నాడు. "ఒక్క మాట. ఒక్కరోజే అంటే నీ సొమ్మేం బోయేది?"

ఆమె చెంగు ముడి బిగించుకుంది.

"ఎవరైన గిట్ల జేస్తరా? కన్నతల్లి జేస్తదా?"

"తిట్టు బిడ్డా. తిట్టు."

వాడు ఇంకా తిట్టాడు. అత్తను తిట్టాడు, విశ్వనాథాన్ని తిట్టాడు, కంపెనీని తిట్టాడు. హబ్సిగూడ దగ్గరికి వచ్చేసరికి తిట్లు ఆగిపోయాయి. వాడు సైకిలు స్టాండు వేశాడు. రెండుసార్లు వేస్తే గానీ నిలబడలేదు. రోడ్డు పక్క మురుగు మోరీ గట్టు మీద కూర్చున్నాడు.

"ఏమైంది? చెయ్యి మండుతుందా? దవాఖానకు పోదామా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు రోడ్డు మీద పోయే బస్సులను చూశాడు.

"అమ్మా, పదిగంటలకు తీసిన" అన్నాడు.

"ఏంది తీసినవ్?"

"పీపా మూత ఇప్పి ఉండె. లైటర్ తీసిన. మూత దెర్సిన. చక్రమ్మీద ఏలు గూడ వెట్టిన." బొటనవేలు ఎత్తి చూపించాడు. "అప్పుడే మేస్త్రి పాండురంగన్న పిలిసిండు. మూసి జేబులేసుకున్న."

 దానమ్మ వాడి పక్కనే కూలబడింది.

"ఎందుకు పిలిసిండు?" అని అడిగింది. ఎందుకో తెలియకపోతే ఇక ఇంటికి నడవలేననిపించింది ఆమెకు.

"చాయొచ్చిందని" అన్నాడు దేవానందం.