పంతొమ్మిదో వరుస సగం దాకా

ఆరో వరుస మొదట్లో సారో మోకాళ్ల కింద గోనెపట్టా సర్దుకున్నాడు. పుల్లనారింజ మొక్క పక్కన వేలితో చిన్న గుంట చేసి, బకెట్లోంచి చెంచాడు నల్లమట్టి పోసి, బొటనవేలితో అదిమాడు. తర్వాతి మొక్క. మళ్లీ గుంట, మళ్లీ చెంచా. అరవై ఎనిమిదేళ్ల వేళ్లు. గోళ్ల చీలికల్లో ఎట్నా అగ్నిపర్వతం బూడిద ఏ సబ్బుకీ పోనంతగా ఇంకిపోయింది.

మొక్కలు ఏప్రిల్లో మొలిచాయి. సెప్టెంబరు వచ్చినా జానెడు దాటలేదు. ఆకులు పసుపు తిరిగాయి. ఆ గింజలు అతని భార్య అగతీనా చివరిసారి కాయల్లోంచి తీసి కడిగినవి.

ముప్పైయేళ్లు ఆ నర్సరీలో ఈ చెంచా పని ఆవిడదే. గోడ పక్క ముసలి నారింజచెట్టు కింది మట్టి తెచ్చి ప్రతి మొక్కకూ పెట్టేది.

"ఏంటే, పిల్లలకి గోరుముద్దలా?" అని వెక్కిరించేవాడు సారో.

"నీకు పెట్టట్లేదనా ఏడుపు?" అనేది.

జనవరిలో ఆవిడ పోయింది. ఫిబ్రవరిలో, వేరుకుళ్లు రాకుండా మడులకి క్రిముల్ని చంపే గ్యాసు పట్టించారు. ప్లాస్టిక్ పట్టాలు పరిచి, అంచులు మూసి, గ్యాసు తిప్పింది సారోయే. మట్టి ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదని మురిసిపోయిందీ అతనే.

యజమానురాలు లొరెదానా నిన్న మట్టి పరీక్ష కాగితం తెచ్చింది.

"రోగమేం లేదు బాబాయ్. మట్టిలో బూజు దారాలుంటాయి, మొక్క వేళ్లనంటుకుని తిండి తెచ్చిపెడతాయి. దొంగల్ని చంపబోయి వంటమనిషినీ చంపేశాం."

సారో గోడవైపు తిరిగాడు. "ఆ ముసలిచెట్టు కింద గ్యాసు పెట్టలేదుగా?" అని అడిగాడు.

ఈవేళ తెల్లవారకముందే వచ్చాడు. మధ్యాహ్నం లొరెదానా చూసి నవ్వింది.

"చెంచాతోనా! నలభై వరుసలు బాబాయ్! చలికాలంలోపు తేరుకోకపోతే పీకించేస్తా, ముందే చెబుతున్నా."

"పీకుదువులే అమ్మాయ్. ముందు తిననీ వాటిని."

పంతొమ్మిదో వరుస సగంలో బకెట్ ఖాళీ అయింది. గుర్తుగా చెంచా అక్కడే గుచ్చి, చెట్టు కిందికి నడిచి, మళ్లీ నింపుకున్నాడు. లేవబోతే ఊపిరందక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నీడ చల్లగా ఉంది. గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు. వంటింటి గుమ్మంలో తగిలించి ఉన్న అగతీనా ఏప్రన్ ఇలాగే వాసనొస్తుంది.

"నేనే పెడుతున్నానే ముద్దలు," అన్నాడు మెల్లగా. "నవ్వకు."

"పొద్దుపోతోంది, ఇంటికెళ్లరా బాబాయ్?" అంటూ వచ్చిన లొరెదానా రెండడుగుల దూరంలో ఆగిపోయింది. బకెట్ నిండుగా ఉంది. గోడకి ఆనుకున్న మనిషి అరచేతిలో మట్టి ఆరిపోయి ఉంది.

నవంబరులో పీకడానికొచ్చిన కూలీలను ఆమే వెనక్కి పంపేసింది. పద్దెనిమిది వరుసలు, ఇంకో సగం, ముదురాకుపచ్చగా చిగిర్చాయి. అక్కడినుంచి పసుపు. ఆమె బకెట్ నింపుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. గుచ్చి ఉన్న చెంచా పెరకడానికి చెయ్యి రాలేదు. వట్టి వేళ్లతోనే మట్టి పెట్టసాగింది. రెండు రంగుల నడుమ, ఒక పక్క అంచు అరిగిపోయిన ఆ తగరపు చెంచా మెడలోతు మట్టిలో నిలబడే ఉంది.